నాయన కాలి మీద పొర

మా నాయన కాలికి దెబ్బ తగిలిన సంగతి ఆయనకంటే ముందు మా ఇంటి కుక్క కనిపెట్టింది. అరుగు కింద విడిచిన టైరు చెప్పుల దగ్గరే తిరుగుతూ, ఎంత అదిలించినా పోకుండా మూతి పెడుతుంటే, అమ్మకు అనుమానమొచ్చి కుడికాలి చెప్పు తిప్పి చూసింది. అడుగు నుంచి మేకు ఒకటి లోపలికి పొడుచుకొచ్చి ఉంది. చెప్పు లోపల నెత్తురు ఎండి అట్టకట్టింది. ఆ మేకు మీదే మా నాయన మూడు రోజులు చేనికీ ఇంటికీ తిరిగాడు, ఒకసారి పామిడి దాకా పోయొచ్చాడు కూడా. ఆయనకు నొప్పి అన్నదే తెలియలేదు.

"నొప్పే ల్యాకపోతే అదేం దెబ్బ?" అన్నాడట. అమ్మ గాయపాకు నలిపి పసరు పిండి గుడ్డ కట్టింది. అదే వైద్యమనుకుని రెండు నెలలు నాకు కబురు పెట్టకుండా దాచారు.

నా దగ్గర దాచడంలో తమాషా ఏమిటంటే, నేను చేసే పనే అది. మా ఊరికి రెండు గంటల బస్సు దూరంలో ఒక ఆసుపత్రిలో నర్సును నేను. ఆపరేషన్ల వార్డులో కట్లు కట్టే పని ఎక్కువగా నా మీదే పడేది. షుగరు ముదిరితే పాదాలు మొద్దుబారతాయని, ముల్లు దిగినా నిప్పు తగిలినా తెలియదని, రోజూ అరికాళ్ళు చూసుకోవాలని వచ్చినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. వినకపోతే కసురుకునేదాన్ని. మా నాయనకు షుగరు వచ్చి అన్నేళ్ళయినా ఆయన అరికాలు నేను ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. తండ్రి కాలు పట్టుకుని చూడటానికి సిగ్గుపడ్డానా, తీరిక లేకపోయిందా అని ఎన్నోసార్లు అనుకున్నాను. రెండూ కాదు. నాకు తోచలేదు, అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త అది. మా వైపు వానలు వరసగా మొహం చాటేసిన కాలం. విత్తిన చెనిక్కాయ విత్తినట్టే ఎండిపోయేది. చేలో పని లేదు కాబట్టే నాయన వచ్చి మా ఆసుపత్రిలో ఉండటానికి ఒప్పుకున్నాడు. వాన పదును పడి ఉంటే మంచానికి కట్టేసినా నిలిచేవాడు కాదు. ఊళ్ళో ఇల్లు, ఎనుములు మా అన్న, వదిన చూసుకున్నారు. అమ్మ నాయన మంచం పక్కన చాప పరుచుకుంది.

ఆయన వచ్చేసరికి బొటనవేలి వెనక, అరికాల్లో కోడిగుడ్డు పట్టేంత గుంట పడింది. చచ్చిన కండ కత్తిరించి తీశారు. చీము కడిగారు, ఇన్సులిన్ మొదలుపెట్టారు. చీము తగ్గింది, వాసన పోయింది, గుంట మాత్రం పూడలేదు. నెలలు గడిచినా అది అలాగే పాలిపోయి, అంచు గట్టిపడి ఉండేది. రోజు మార్చి రోజు నేనే కట్టు విప్పేదాన్ని. విప్పగానే నాయన పుండు వైపు చూసేవాడు కాదు, నా మొహం వైపు చూసేవాడు. నా మొహంలో ఏం కనపడితే ఆ రోజుకు ఆయన ప్రాణం అలా ఉండేది. అందుకని కత్తెర పట్టుకోకముందే నవ్వు పెట్టుకోవడం నేర్చుకున్నాను. "తగ్గుతోంది", "నొప్పి ఉండదు", "అయిపోయింది, ఒక్క నిమిషం" అనే మాటలు మా వార్డులో దూది, గాజుగుడ్డలతో పాటు రోజూ వాడే సామానే. వాటిని అబద్ధాలని మేమెవరం అనుకునేవాళ్ళం కాదు.

ఏడో నెలలో మా సర్జన్ నన్ను పక్కకు పిలిచాడు. చేతిలో ఉన్న మెత్తదనం నోట్లో లేని మనిషి ఆయన. "ఇంకొక్క నెల చూస్తా. గుంటలో కండ ఊరితే తొడ మీద చర్మం తీసి అతికిస్తా. ఊరకపోతే మోకాలి కింద తీసేయాల్సిందే. ఎముకకు పట్టి పైకి పాకిందంటే మనిషే దక్కడు. ఇంట్లోవాళ్ళకు నువ్వే చెప్పుకో" అన్నాడు.

నేను అమ్మకూ చెప్పలేదు, నాయనకూ చెప్పలేదు. ఆ నెల రోజుల్లో ఎలాగైనా కండ ఊరించాలని మొండిగా అనుకున్నాను.

కాలిన గాయాలకు ఆ సర్జన్ ఒక పద్ధతి వాడేవాడు. కాన్పయ్యాక పడే మావికి లోపలి వైపు చాలా పలుచటి పొర ఒకటి ఉంటుంది. కడుపులో బిడ్డను చుట్టుకుని ఉండేది అదే. తల్లికి రక్తపరీక్షలన్నీ చేసి, ఆమె ఒప్పుకుంటే, ఆ పొరను విడదీసి ఉప్పునీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగి, మందు కలిపిన నీళ్ళలో ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. పుండు మీద పరిస్తే అది అతుక్కుని కూర్చుంటుంది, దాని చాటున కింద కండ ఊరుతుంది. ఐదారు రోజులకొకసారి పాతది తీసి కొత్తది పరవాలి. మా నాయన కాలికి కూడా అదే పెట్టి చూద్దామన్నాడు సర్జన్. కాలు దక్కడానికి మాకు మిగిలిన దారి అదొక్కటే.

విన్న వెంటనే నాయన, "ఏమిటోళ్ళది?" అన్నాడు.

ఆయన అడిగింది కులం. నాకు ఒళ్ళు మండిపోయింది. "కాలు కుళ్ళిపోతాంటే నీకు కులం గావాల్నా నాయనా?" అని వార్డులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. నాయన తల దించుకున్నాడు. కానీ ఒప్పుకోలేదు. అప్పుడు అమ్మ అందుకుంది. "మావిని మట్టిలో పెట్టల్ల గానీ మనిషి కాలికి కడతారామ్మా యాడన్నా? ఆ బిడ్డకు కీడు గదా?"

వాళ్ళ భయం నాకు తెలియనిది కాదు. మా పల్లెల్లో ఇంట్లో కాన్పయితే మావిని ఇంటి ఆవరణలోనే లోతుగా గుంట తీసి పూడుస్తారు. కుక్కలు తోడకుండా పైన బండ పెడతారు. అది బయట పడి ఉంటే బిడ్డకు మంచిది కాదంటారు. మా అన్నదీ నాదీ నాయనే స్వయంగా పూడ్చాడు. నాది కొట్టం గోడ పక్కన ఎక్కడుందో చిన్నప్పుడు వేలు పెట్టి చూపించేవాడు. చదువుకున్నదాన్ని కదా, అదంతా వినీ విననట్టు ఊరుకున్నాను.

ఆ రోజు చేయకూడని పని ఒకటి చేశాను. పొర ఎవరిదో తీసుకునేవాళ్ళకు చెప్పకూడదన్నది మా ఆసుపత్రి నియమం. నేను నాయనను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కాన్పుల వార్డు వసారాకు తోసుకుపోయాను. అక్కడ నల్లమాడ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుని ఉంది. గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆమె కూతురికి ముందురోజే మగబిడ్డ పుట్టాడు, నెలలు నిండకుండా. పొర తీసుకోవడానికి ఆ కూతురు సరేనంది, అవ్వను మాత్రం ఎవరూ అడగలేదు. నేను అడిగాను.

అవ్వ నాయన కాలి కట్టును ఎగాదిగా చూసింది. "మీరు యాడనో పారేసేదానికన్నా ఒగ మనిషికి పనికొస్తే మేలే గదమ్మా. తీసుకో అప్పా. కాలు బాగై మల్ల నడువు" అంది.

నాయన మేత ఎట్లుండాదని అడిగాడు. మేత లేక సగం గొర్రెల్ని సంతకు తోలేశామని అవ్వ చెప్పింది. అలా మొదలుపెట్టి ఇద్దరూ గంటసేపు ఎండిన బోర్ల గురించి, గొర్రెలకు వచ్చే కాలి పుండ్ల గురించి మాట్లాడుకున్నారు. చివర్లో అవ్వ లోపలికి పోయి గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి చూపించింది. నాయన చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "గుప్పెడుండాడే" అన్నాడు.

వార్డుకు తిరిగొచ్చాక నాతో గట్టిగా చెప్పాడు. "ఆ బిడ్డదే పెట్టు పాపా. అడిగి తీసుకున్నాం, ఆ యమ్మ ఇచ్చింది. ఇంగ ఎవురిదీ నాకొద్దు."

సరేనన్నాను. ఆ రోజే సర్జన్ పొర పరిచాడు. గుంట అంచుల దాకా చేత్తో సర్ది, నూనె గుడ్డ వేసి, పైన దూది పెట్టి కట్టాము.

ఆరో రోజు విప్పినప్పుడు గుంట అడుగున ఎర్రటి కండ గింజలు గింజలుగా కనిపించింది. ఏడు నెలల్లో మొదటిసారి. నేను నవ్వు పెట్టుకోవలసిన పని లేకుండానే నవ్వాను, కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. నాయన అది చూసి అమ్మను లేపి కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున తనకిచ్చే పాలు, రొట్టె బాలింతకు పంపించడం మొదలుపెట్టాడు. వద్దన్నా వినలేదు.

రెండో పొర పరచాల్సింది కూడా ఆరో రోజే. ఆ బిడ్డ పొరలో మిగిలిన ముక్కను ఫ్రిజ్‌లో పెట్టాం గానీ, కరెంటు పోతూ వస్తూ ఉండటంతో అది పాడైపోయింది. ముందురోజు కాన్పయిన ఇంకొకామెది సిద్ధంగా ఉంది. ఆమె బిడ్డ లక్షణంగా ఉన్నాడు, వాళ్ళు సాయంత్రానికే ఇంటికి పోతున్నారు. నేను ట్రే పట్టుకుని మంచం దగ్గరికి రాగానే నాయన అడిగాడు. "ఆ బిడ్డదే గదా?"

వెనక ఇంకా పదకొండు మంది కట్లకోసం ఎదురుచూస్తున్నారు. నిజం చెబితే మళ్ళీ మొదటికొస్తుంది. ఈ కొత్త బిడ్డ తల్లిని చూడాలంటాడు, ఏమిటోళ్ళంటాడు, అమ్మ కీడంటుంది. "ఆ, అదే నాయనా" అన్నాను. ఆయన కాలు చాపాడు. "తగ్గుతోంది" అనడానికీ దీనికీ ఆ క్షణంలో నాకేమీ తేడా కనపడలేదు.

ఆ రోజు పుండు చూసి సర్జన్, ఇదే ఊపు ఉంటే ఇంకో పది రోజుల్లో తొడ చర్మం అతికిస్తానన్నాడు. కాలు దక్కినట్టే అనుకున్నాను.

మూడో రోజు పొద్దున అవ్వ మనవడు చనిపోయాడు. కామెర్లు ముదిరాయి, రెండు రోజులుగా పాలు పట్టడం లేదు. నెలలు నిండని బిడ్డ, అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. అవ్వ వసారాలో కూర్చుని రొమ్ము చరుచుకుని ఏడ్చింది. "మట్టిలో పెట్టాల్సినదాన్ని నా నోటితో నేనే ఇస్తినే. నా చేతులారా ఇస్తినే నా సామీ." నాయన కుర్చీ అప్పుడు ఆ వసారాలోనే ఉంది. అవ్వ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయన వైపు చూడను కూడా లేదు.

మధ్యాహ్నం డ్యూటీ దిగిపోయే ముందు నాయన మంచం దగ్గరికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "నిజం చెప్పు పాపా. నా కాలు మీద ఉండేది ఆ బిడ్డదేనా?" అన్నాడు.

ఈ మాట ఎందుకడిగాడో నాకు అర్థమైందనుకున్నాను. బిడ్డను మరిచిపోలేక అడుగుతున్నాడు, ఊరట కావాలి అనుకున్నాను. కాదని చెప్పే అవకాశం నా చేతిలోకి తనంతట తానే వచ్చింది. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఆ బిడ్డదే నాయనా. ఆ బిడ్డ పోయినా, అది నీ కాలు మీద బతికే ఉండాది."

నేను బస్సెక్కి నా గదికి పోయి, అన్నం తిని పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

తర్వాత తెలిసింది ఇది. నేను వెళ్ళిన అరగంటకు, అమ్మ నీళ్ళు పట్టుకురావడానికి పోయినప్పుడు, నాయన కట్టు విప్పాడు. అతుక్కున్న పొరను గోళ్ళతో గీరి లాగాడు. దానితో పాటే కొత్తగా ఊరిన కండ కూడా వచ్చింది. ఆయనకు నొప్పి తెలియదు కదా. దాన్ని తువ్వాలులో మూట కట్టుకుని, కుర్చీ కూడా వాడకుండా, ఆ కాలి మీదే వసారా పొడుగునా నడిచి గేటు దాకా పోయాడు. అక్కడ అవ్వ వాళ్ళు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని జీపు కోసం కూర్చున్నారు. "మీది మీకు ఇచ్చేస్తాండానక్కా. బిడ్డతో పాటు మట్టిలో పెట్టుకోండి" అని మూట చేతికిచ్చాడు. అవ్వ కళ్ళకద్దుకుని తీసుకుందట.

తిరిగొచ్చి కట్టు మళ్ళీ తనే కట్టుకున్నాడు. ఇన్నాళ్ళుగా చూస్తున్నాడు కాబట్టి ఏ గుడ్డ ముందో ఏది తర్వాతో, ముడి ఎక్కడ వేస్తానో ఆయనకు తెలుసు. పొర పరిచిన కట్టును ఐదారు రోజులు కదిలించకూడదు. అందుకని మర్నాడు చూశాను, ఆ మర్నాడూ చూశాను, ఎవరూ విప్పలేదు. కట్టు అచ్చం నేను కట్టినట్టే ఉంది.

మూడో రోజు చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పాను. పాదం సగం దాకా నల్లబడింది, రెండు వేళ్ళు చల్లగా ఉన్నాయి, నొక్కితే చీము. నా మొహం మీద నవ్వు లేదు. నాయన అది చూశాడు, చూసి తనే నన్ను సముదాయించాడు. "నేనే తీసేసినా పాపా. వాళ్ళది వాళ్ళకిచ్చేసినా. నువ్వు ఏడ్చొద్దు."

ఆ సాయంత్రమే మోకాలి కింద తీసేశారు. నన్ను లోపలికి రానివ్వమంటే సర్జన్ వద్దన్నాడు. తలుపు బయట నిలబడి, ఆయన మత్తులోకి పోకముందు చెప్పి ఉంటే అని కాదు, ఆ మధ్యాహ్నం చెప్పి ఉంటే అని అనుకున్నాను. "కాదు నాయనా" అనే రెండు మాటలకు కాలు దక్కేది.

కాలు పోయిన మనిషి మంచాన పడి కుంగిపోతాడని భయపడ్డాం. నాయన కుంగలేదు. చంక కర్రలు నేర్చుకున్నాడు. చేను గట్టు మీద కూర్చుని అన్న చేత పనులు చేయించాడు. చూడటానికి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేవాడు. "ఒగ బిడ్డ సొత్తు నా మీద ఉండె. ఇచ్చేసినా. కాలు పోతే పోనీ, బరువు దిగిపోయింది" అనేవాడు. ఆ మాట మీదే ఆయన నిలబడ్డాడని నాకు తెలుసు. అందుకే చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం భయం.

నాలుగేళ్ళకు ఎడమకాలి మడమ పగిలి పుండయింది. సెలవు పెట్టి ఊరికి పోయాను. అరుగు మీద ఆయన కాలు నా ఒళ్ళో పెట్టుకుని కడుగుతూ, రేపే ఆసుపత్రికి పోదామని చెప్పాను. వదిన గడపలో నిలబడి ఉంది.

"ఈ కాలుకేం కాదులే పాపా. ఆ బిడ్డది ఆ బిడ్డకిచ్చేసిన పుణ్యం ఉండాది. ఆసుపత్రొద్దు" అన్నాడు నాయన.

నాకు కోపం ఆగలేదు. ఆ పుణ్యం పేరు చెప్పి రెండో కాలు కూడా పోగొట్టుకుంటాడా అని తల తిరిగిపోయింది. "అది ఆ బిడ్డది కాదు నాయనా!" అని అరిచాను. తర్వాత ఆగలేకపోయాను. పాడైన ముక్క గురించి, ఇంకొకామె గురించి, ట్రే పట్టుకుని నిలబడి నేనన్న మాట గురించి, గోడ వైపు తిరిగి ఆయన అడిగిన మధ్యాహ్నం గురించి అంతా చెప్పేశాను. నువ్వు ఇచ్చింది ఇంకో బిడ్డదని, ఆ బిడ్డ ఎక్కడో ఆడుకుంటున్నాడని కూడా చెప్పాను.

నీళ్ళు గిన్నెలో చల్లారిపోయాయి.

"ఆ యమ్మకు తెలుసునా?" అన్నాడు నాయన చివరికి.

"తెలియదు."

"చెప్పొద్దు. పూడ్చుకోని నెమ్మదిగా ఉంటాది." కాసేపాగి అన్నాడు, "రెండుసార్లు అడిగితి గదా పాపా నిన్ను."

కోపంగా అనలేదు. తర్వాత రెండు చేతులతో మోకాలు పట్టుకుని, నా ఒళ్ళోంచి కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు. వదినను పిలిచి కట్టు కట్టమన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వచ్చాడు, అందరితో బాగానే మాట్లాడాడు, నాతో కూడా. కానీ ఆ తర్వాత ఆయన బతికిన పదకొండు నెలలూ ఆ కాలికి కట్టు కట్టింది మా వదినే. ఎలా కట్టాలో గడప ఇవతల నిలబడి నేను చెప్పేదాన్ని.